నాన్న పంప్ గన్‌తో పోటీకి వెళ్లొచ్చా?

మేడ్చల్ మండలం రావల్కోల్‌లో మా నాన్నకు మూడెకరాల మామిడితోట, అందులో ఎండిపోయిన ఒక బావి, ఇంట్లో ఇనుప బీరువాలో ఒక పాత 12 బోర్ పంప్ గన్ ఉన్నాయి. ఈ మూడింటితోనూ పైసా లాభం లేదని అమ్మ ఫిర్యాదు. అడవిపందుల బెడదకని గన్ కొని 27 ఏళ్లయింది. ఇన్నేళ్లలో అది చేసిన ప్రయాణాలన్నీ దాదాపు ఒకటే. ఎన్నికలు రాగానే పోలీస్ స్టేషన్‌కి వెళ్లి డిపాజిట్ అవుతుంది, అవి అయిపోగానే తిరిగొస్తుంది.

పంప్ గన్ అంటే తెలుసు కదా. సినిమాల్లో హీరో బ్యారెల్ కింద ఉన్న పిడిని ‘చక్ చక్’మని వెనక్కి, ముందుకి లాగి పేలుస్తాడే, అదే. లాగినప్పుడు పేలిన తూటా బయటపడుతుంది, తోసినప్పుడు కొత్తది లోపలికెళ్తుంది. అమెరికాలో 1950లో వచ్చిన రెమింగ్టన్ 870 ఈ రకంలో బాగా పేరున్న మోడల్, కోటికి పైగా అమ్ముడైంది.

లైసెన్స్ రెన్యువల్ దగ్గర పడేసరికి ఇంట్లో చర్చ మొదలైంది. డీలర్‌కి అమ్మేయడమా, నా పేరు మీదికి మార్చడమా? 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్స్ ఉన్నాయనకి 70 ఏళ్లు వచ్చినా, తుపాకీ 25 ఏళ్లు ఆయన దగ్గరే ఉన్నా, వారసుడు తన పేరిట లైసెన్స్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. “కంప్యూటర్ ముందట కూసునేటోనివి, నీకెందుకురా తుపాకి?” అన్నాడు నాన్న. షూటింగ్ పోటీలకు వెళ్తానన్నాను. కొత్త పోటీ తుపాకులు లక్షల్లో ఉంటాయి. ఉన్నదాన్నే కాస్త బాగు చేసుకుంటే తక్కువలో అయిపోతుందని నా లెక్క.

ఈ ఆశ గాల్లోంచి రాలేదు. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. ఇషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పిస్టల్‌తో నాలుగు పతకాలు గెలిచింది. నాకు మాత్రం ఎక్కువ ఇష్టం కైనన్ చెనాయ్. ఆయనదీ హైదరాబాదే, ఆడేది షాట్‌గన్‌తో ట్రాప్. 2023 అక్టోబర్ 1న హాంగ్‌ఝౌలో జట్టుకు స్వర్ణం, తనకు విడిగా కాంస్యం. ఆ రోజు ముగ్గురూ కలిసి కొట్టినవి 361 పళ్లేలు. మొత్తం ఎన్నో తెలుసా? ఒక్కొక్కరికి 125 చొప్పున 375.

ట్రాప్‌లో షూటర్‌కి 15 మీటర్ల ముందు ఒక గుంత ఉంటుంది. అందులోని మెషిన్ల నుంచి పళ్లెం ఎగురుతుంది, ఎటు పోతుందో ముందు తెలియదు. వెడల్పు 11 సెంటీమీటర్లు, బరువు 105 గ్రాములు. పేరుకు ‘క్లే’ గానీ మట్టి ఉండదు, సున్నపురాయి పొడిలో తారులాంటి పదార్థం కలిపి చేస్తారు. చాలామంది దాన్ని 30–35 మీటర్ల దూరంలో పగలగొడతారు.

సరే, మన గన్ సంగతి. ముందు రూల్ బుక్ తెరిచాను. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య, అంటే ఐఎస్ఎస్ఎఫ్, షాట్‌గన్ నియమాల్లో ఒక వాక్యం ఉంది: 12 బోర్‌కి మించని అన్ని రకాల నునుపు గొట్టం తుపాకులూ వాడొచ్చు, సెమీ ఆటోమేటిక్‌తో సహా, పంప్ యాక్షన్ తప్ప. ఆ ‘తప్ప’ దగ్గరే నా బడ్జెట్ ప్లాన్ ఆగిపోయింది. మన దేశంలో జిల్లా నుంచి జాతీయ స్థాయి దాకా ట్రాప్, స్కీట్ పోటీలు ఈ నియమాల మీదే నడుస్తాయి. అంటే నాన్న గన్‌కి ఎన్ని మెరుగులు దిద్దినా ఆ లైన్‌లోకి రానివ్వరు. పాత జంట గొట్టాల తుపాకీకి ఉన్న అర్హత కూడా దీనికి లేదు. అమెరికాలో ట్రాప్ ఆడేవాళ్లు పంప్ గన్ వాడతారు, ఐపీఎస్‌సీ అనే ప్రాక్టికల్ షూటింగ్‌లో అయితే చేత్తో లాగే షాట్‌గన్లకు విడిగా ఒక విభాగమే ఉంది. కానీ రావల్కోల్ నుంచి అంత దూరం ఎవరు పోతారు?

అయినా ఆపలేదు. ‘రానివ్వరు’ అన్నది ఒక విషయం, ‘పనికిరాదు’ అన్నది ఇంకో విషయం. రెండోది కొలిచి చూద్దామనిపించింది.

ముందుగా ఒక మాట. లైసెన్స్ నాన్నది, కాబట్టి కాల్చిందంతా నాన్నే. కాల్చింది అనుమతి తీసుకున్న రేంజ్‌లోనే, తోటలో కాదు. బ్యారెల్ జోలికి ఎవరూ పోలేదు. లైసెన్స్ లేకుండా బ్యారెల్ పొట్టి చేయడం ఆయుధ చట్టం ప్రకారం నేరం, 20 అంగుళాల కంటే పొట్టిదైతే అసలు కేటగిరీయే మారిపోతుంది. లోపలి స్ప్రింగులు, గట్టిపడిన పాత నూనె లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ చూశాడు. ఛాంబర్ పొడవు కూడా ఆయనతోనే కొలిపించాం. పాత తుపాకుల్లో 65 మిల్లీమీటర్ల ఛాంబర్లు ఉంటాయి. వాటిలో 70 మిల్లీమీటర్ల తూటా దూరుతుంది, కానీ పేలినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. నాన్నది 70దే. మీ ఇంట్లో పాత 12 బోర్ ఉంటే, పాలిష్ కంటే ముందు ఇది చూపించండి.

మొదటి ఖర్చు చెవులకి, కళ్లకి. షాట్‌గన్ చప్పుడు 150 డెసిబెల్స్ పైనే ఉంటుంది. ఇయర్ మఫ్స్ పెట్టుకోమంటే నాన్న నవ్వాడు గానీ, పెట్టుకున్నాడు.

తర్వాత బట్. రైఫిల్‌కి వెనక సైట్ ఉంటుంది, షాట్‌గన్‌కి ఉండదు. ఆ పని మన కన్నే చేయాలి. చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనకపోతే గురి ప్రతిసారీ మారుతుంది. నాన్న చెంప ఆనిస్తే గన్ వీపు తప్ప ముందున్న పూస కనిపించట్లేదు. అందుకని తల ఎత్తి కాలుస్తున్నాడు. యోగా మ్యాట్ ముక్క కోసి, బట్ పైన పెట్టి, క్రికెట్ బ్యాట్ గ్రిప్ టేప్ చుట్టాను. ఒక పొర వేసి చూశాం, రెండో పొర వేశాం. పూస గన్ వీపు మీద కూర్చున్నట్టు కనిపించగానే ఆపాం. ట్రిగ్గర్ నుంచి బట్ చివర దాకా ఉన్న పొడవు నాన్నకి ఎక్కువైంది, భుజం దగ్గర చొక్కాకి తట్టుకుంటోంది. రబ్బరు ప్యాడ్ తీసి పలచనిది వేయించాం. మొత్తం ఖర్చు మేమిద్దరం బయట బిర్యానీ తిన్నంత.

పంప్ గన్‌కి ఇంకో జబ్బుంది. తొందరలో పిడిని పూర్తిగా వెనక్కి లాగకపోతే రెండో తూటా ఎక్కదు. దానికి మందు డబ్బులతో రాదు. డమ్మీ తూటాలు పెట్టుకుని, అసలు తూటాలు ఆ గదిలో లేవని రెండుసార్లు చూసుకుని, నాన్న రోజూ రాత్రి వార్తలయ్యాక 50 సార్లు లాగాడు. మూడు వారాల్లో చేతికి అలవాటైంది. “పోటీకి నువ్వు పోతున్నవా, ఆయనా?” అంది అమ్మ నాతో.

ఇక అసలు పరీక్ష. 40 గజాల దూరంలో, అంటే సుమారు 36 మీటర్లలో, పెద్ద కాగితం కట్టి కాల్చాలి. ఛర్రాలు ఎక్కువ పడ్డ చోట 30 అంగుళాల వృత్తం గీసి, లోపలి రంధ్రాలు లెక్కపెట్టాలి. బ్యారెల్ చివర ఎంత బిగువుగా ఉందో దాన్నే చోక్ అంటారు. ఫుల్ చోక్ అయితే వృత్తంలో 70 శాతం ఛర్రాలు పడతాయి, చోక్ లేని గొట్టమైతే 40 శాతం. ట్రాప్ తూటాలో ఛర్రా బరువు 24 గ్రాములకి మించకూడదు. ఏడున్నర నంబర్ సైజులో దాదాపు 300 ఛర్రాలు వస్తాయి. నాన్న మూడు కాగితాలు కాల్చాడు. వాటిలో పడ్డవి 112, 121, 117. చోక్ లేని గొట్టమని తేలిపోయింది.

ఇక్కడ కాగితం, పెన్సిల్ తీశాను. ఆ వృత్తంలో 117 ఛర్రాలంటే సుమారు 39 చదరపు సెంటీమీటర్లకి ఒకటి. ట్రాప్‌లో పళ్లెం మనకెక్కువగా కనిపించేది అంచు వైపు నుంచి, అంటే 27 చదరపు సెంటీమీటర్లు. సరిగ్గా గురి పెట్టినా సగటున ఒక్క ఛర్రా కూడా తగలదు! ఫుల్ చోక్ అయితే ఒకటి దాటుతుంది. 20 మీటర్ల దగ్గర మాత్రం ఇదే గన్ ఛర్రాలు దట్టంగా పడ్డాయి. తోట కంచె దూరానికి ఇది మంచి గన్ అన్నమాట. 27 ఏళ్ల కిందట నాన్న కొన్నది కూడా ఆ దూరానికే.

ఇంకో లెక్క నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ట్రాప్‌లో ఒక రౌండ్‌కి 25 పళ్లేలు, ఒక్కోదానికి రెండు తూటాల దాకా వాడొచ్చు. వారానికి ఒక్క రౌండ్, పళ్లేనికి ఒక్క తూటా అనుకున్నా ఏడాదికి 1300. ఏడాదికి ఎన్ని కొనొచ్చో లైసెన్స్ మీదే రాసి ఉంటుంది, పంట కాపలా లైసెన్స్ కోటా దీని దరిదాపులకి రాదు. డబ్బు సంగతి చెప్పక్కర్లేదు. తుపాకీ ఒక్కసారి ఖర్చు, తూటాలు ప్రతి వారం ఖర్చు. తక్కువలో అవ్వాలనుకునేవాళ్లు గన్ ధర కాదు, తూటా ధర అడగాలి. నిజంగా జేబు గట్టిగా లేకపోతే .177 ఎయిర్ రైఫిల్ మేలు. దానికి లైసెన్స్ అక్కర్లేదు, పెల్లెట్లు చవక, 10 మీటర్ల జాగా చాలు. నా స్నేహితులు అడిగితే అదే చెబుతున్నాను.

నేను మాత్రం ట్రాప్ మీదే మనసు పెట్టుకున్నాను, క్లబ్ తుపాకీతో నేర్చుకుంటాను. నాన్న గన్ అమ్మట్లేదు. 2019 సవరణ తర్వాత లైసెన్స్ ఐదేళ్లకిస్తున్నారు, ఆ ఐదేళ్లూ ఆయన పేరు మీదే ఉంటుంది. “నాకు సరిపోయేటట్టు నువ్వే చేసినవ్, ఇప్పుడు ఎట్ల ఇస్త?” అన్నాడు.

అదీ నిజమే, ఆ బట్ ఇప్పుడు ఆయన కొలత. నా కొలతలు, అంటే ట్రిగ్గర్ నుంచి భుజం దాకా పొడవు, చెంప కింద ఎంత ఎత్తు కావాలన్నది, ఫోన్‌లో రాసుకున్నాను. ఏ తుపాకీ పట్టుకున్నా అవి మారవు. ఈ ఆదివారం మేడ్చల్ దగ్గర ఓఆర్ఆర్ ఎక్కి గచ్చిబౌలి వెళ్తున్నాను, సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో ఉన్న షూటింగ్ రేంజ్‌కి. మిగిలిన యోగా మ్యాట్ ముక్క బ్యాగ్‌లో పెట్టుకున్నాను. వాళ్ల తుపాకీకి దాన్ని అంటించనిస్తారో లేదో అడగాలి.