పాత ఫోనూ – కొత్త షరతులూ

కొడవలీ, పారా వుంటే కూలి దొరికే రోజులు పోయాయి. ఇప్పుడు ఫోను కూడా కావాలి. అదీ సర్కారు యాప్‌లు నడిచే ఫోను కావాలి.

2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో హాజరును యాప్‌లోనే, రోజుకు రెండుసార్లు ఫొటో తీసి వెయ్యాలని కేంద్రం నిబంధన పెట్టింది. మేటు చేతిలోని ఫోను మొరాయిస్తే గ్రూపు మొత్తానికీ హాజరు గల్లంతయ్యే పరిస్థితి వచ్చింది. ఆ యేడు ఫిబ్రవరిలో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూలీలు ధర్నాకు దిగడానికి ఇదొక కారణం.

2025 జనవరి 1న ఆండ్రాయిడ్ 4.4 ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది. అదే నెల 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాట్సాప్‌లోనే సేవలంటూ ‘మన మిత్ర’ ప్రారంభించింది. కంపెనీ మూసిన వాకిట్లోంచే రమ్మని ప్రభుత్వం పిలిచిందన్నమాట! పల్లెల్లో ముసలివాళ్ళ చేతుల్లో వున్నవి చాలావరకు కొడుకులు వాడి వదిలేసిన ఫోన్లే గదా.

గండి పూడ్చడమే అప్‌డేట్

ఫోనును నడిపించే ప్రోగ్రాములో లోపాలు బయటపడుతూ వుంటాయి. కంపెనీ వాటిని సరిచేసి పంపేదే అప్‌డేట్. చెరువు కట్టకు పడిన గండి పూడ్చడం లాంటిదే ఇది. పూడ్చకపోతే దొంగలు అందులోంచే దూరతారు.

మా పెద్దమ్మ ఫోను చాలాకాలంగా అప్‌డేట్ అడుగుతూనే వున్నది. నొక్కితే బ్యాంకులో డబ్బులు పోతాయని ఆమె భయం. చుట్టూ జరుగుతున్న మోసాలు చూస్తే ఆ భయంలో తప్పేమీ లేదు. మేం పక్కన కూర్చుని చేద్దామంటే చోటు లేదన్నది ఫోను. చూస్తే అంతా శుభోదయం బొమ్మలూ, వీడియోలూ! పెదనాన్న ఫొటోలను ముందు మా ఫోనులోకి పంపుకుని, మిగతావి ఆమెను అడిగి అడిగి తీసేశాం. ముఖ్యమైన నంబర్లు నోటుబుక్కులో రాశాం. చార్జింగ్ నిండా పెట్టి, సెట్టింగ్స్‌లో ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్’ నొక్కాం. ఒకటి అయ్యాక ఇంకొకటి వచ్చింది. అవి పూర్తయ్యాక ప్లే స్టోర్‌లో యాప్‌లను కూడా అప్‌డేట్ చేశాం.

తీరా చూస్తే తెర రూపే మారిపోయింది. “నా ఫోను నాకు కాకుండా చేశార్రా” అన్నది పెద్దమ్మ. కాల్ గుర్తును పాతచోటనే పెట్టి, అక్షరాలు పెద్దవి చేసి, ఆమె చేతనే మూడుసార్లు ఫోను చేయించాం. అప్పుడుగానీ ఆమె ముఖం తేటపడలేదు. యువకులు నొక్కేసి లేచి వెళ్ళిపోకూడదు. పెద్దవాళ్ళ చేతికి ఫోను మళ్ళీ అలవాటయ్యేదాకా పని ముగిసినట్టు కాదు.

ఇంకొక జాగ్రత్త. అప్‌డేట్ ఎన్నడూ వాట్సాప్ లింకుగా రాదు. పీఎం కిసాన్ పేరుతో దొంగ యాప్‌లు పంపి ఖాతాలు ఊడ్చేసినవాళ్ళున్నారు. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోను చెయ్యండి.

అప్‌డేటే రాని ఫోన్ల మాటేమిటి?

కొన్ని ఫోన్లు ‘మీ ఫోను తాజాగా వుంది’ అని చెపుతాయి. నమ్మకండి. సెట్టింగ్స్‌లో ‘సెక్యూరిటీ ప్యాచ్’ తేదీ చూడండి. అది ఏళ్ళ నాటిదైతే కంపెనీ ఆ ఫోనును వదిలేసిందని అర్థం. అలాంటి ఫోనులో బ్యాంకు లావాదేవీలు పెట్టుకోవద్దు.

ఫోను విరగలేదు, మాట వినిపిస్తున్నది. అయినా కొత్తది కొనాల్సిందే! ఎవరి లాభానికి? ఖరీదైన కొన్ని ఫోన్లకు ఏడేళ్ళ అప్‌డేట్లు ఇస్తామని కంపెనీలే ప్రకటించాయి. అంటే చెయ్యలేక కాదు. యూరపులో 2025 జూన్ 20 నుంచి కొత్త నిబంధన అమలులోకి వచ్చింది. ఒక మోడల్ అమ్మకం ఆగిన తర్వాత కూడా కనీసం అయిదేళ్ళు అప్‌డేట్లు ఇవ్వాలని అది చెపుతున్నది. పేదవాడు కొనే చౌక ఫోనుకు మన దేశంలో ఆ రక్షణ ఎందుకుండకూడదు?

కాబట్టి మనం అడగవలసింది రెండు. చౌక ఫోన్లకు కూడా ఏళ్ళ తరబడి అప్‌డేట్లు ఇచ్చేలా చట్టం రావాలి. ఫోను లేదనో, పాతదనో కూలి, రేషను, పింఛను ఆపకుండా కాగితం మీద హాజరు, చేతి సంతకం చెల్లాలి. ఇవి సాధించుకునేదాకా ప్రతి గ్రామంలో సంఘం యువకులు వారానికొక సాయంత్రం పెద్దల ఫోన్లు చూసిపెట్టాలి. పెద్దవాళ్ళు వాటిని పట్టుకుని మండల కేంద్రంలో దుకాణాల చుట్టూ తిరిగే అవస్థ తప్పుతుంది.