ఇరు సామ్రాజ్యముల నడుమ ఇరుకునేల

ఆఫ్ఘనిస్తాన్ పటమును చూచువారికి దాని ఈశాన్యభాగమున, చాచిన వ్రేలివలె చైనా దిక్కునకు సాగిపోయిన సన్నని నేల యొకటి కనబడును. దానిని వాఖాన్ అందురు. నిడివి సుమారు 350 కిలోమీటర్లు. ఉత్తరమున పామీరు పర్వతములు, దక్షిణమున హిందూకుష్ శ్రేణి. పంటభూమి స్వల్పము, శీతకాలము సుదీర్ఘము. ఇట్టి చోటును ఏ రాజును కోరి జయింపబోడు. అయినను పందొమ్మిదవ శతాబ్దమున రెండు మహాసామ్రాజ్యములు దీనిని గూర్చి ఏండ్ల తరబడి తర్జనభర్జనలు పడి, తుదకు తమలో నెవ్వరికిని దక్కకుండునట్లు మూడవవానికి అంటగట్టినవి.

మధ్య ఆసియాలోని ఖానుల రాజ్యములను ఒక్కొక్కటిగా లోబరచుకొనుచు రష్యా దక్షిణమునకు దిగివచ్చుచుండగా, ఆ సేనలు ఏనాటికైనను హిందూదేశపు కనుమలను దాటునేమోయన్న భయము ఆంగ్లేయ ప్రభువులను నిదురపోనీయలేదు. 1873లో ఇరుపక్షములును పంజ్ నదిని హద్దుగా నొప్పుకొన్నవి గాని, ఆ నది పుట్టు చోట పామీరులలో గీత యెక్కడ గీయవలయునో తేలలేదు. 1891లో బోజాయి గుంబజ్ అనుచోట విడిసియున్న ఆంగ్ల కెప్టెన్ యంగ్‌హజ్బెండ్, రష్యన్ కర్నల్ యోనోవ్‌తో కలిసి సరసముగా విందారగించెను. కొలది దినములకే ఆ యోనోవ్ తిరిగివచ్చి, ఇది మా జారుచక్రవర్తి భూమి, విడిచిపొండని ఆజ్ఞ వినిపించెను. ఆ బయళ్లలో మందలను మేపుకొను కిర్గిజులు ఎవరి ప్రజలో చెప్పవలసినవాడు మాత్రము ఆ విందులో లేడు.

ఆఫ్ఘన్ అమీరైన అబ్దుర్ రహ్మాన్‌కు వాఖాన్‌పై మమకారము లేదు; దానిని కాచుట తనకు మోయరాని బరువని యాతని తలంపు. 1893లో ఆంగ్లేయుల పక్షమున డ్యూరాండ్ కాబూలుకు పోయి, వాఖాన్‌ను ఉంచుకొనుటకు అమీరును ఒప్పించి, హిందూదేశపు హద్దుగీతను గీయించుకొని వచ్చినప్పుడు, ఆతనికి ఏటేట నిచ్చు 12 లక్షల రూపాయల భరణము 18 లక్షలైనది. ఈ సొమ్ము భారత ప్రభుత్వ బొక్కసమునుండి పోయినదే గనుక, పామీరుల పేరైనను వినని గోదావరి రైతు శిస్తులోను కొంత కాబూలు చేరినదనవలయును. 1895లో సరిహద్దు సంఘము రాళ్లు పాతగా, రెండు సామ్రాజ్యముల పొలిమేరలు ఒండొంటిని తాకకుండ ఈ నేలపట్టీ అడ్డుపడినది.

అడ్డుగోడగా నుండు దేశమునకు కొంత లాభము లేకపోలేదు. 1879 గండమక్ సంధివలన విదేశవ్యవహారములను ఆంగ్లేయులకు ధారపోసిన ఆఫ్ఘనులు 1919లో వానిని తిరిగి రాబట్టుకొనిరి. పిమ్మట అమెరికా, సోవియట్ దేశముల స్పర్ధకాలమున ఇరువురినుండియు కానుకలందుకొనిరి. హెల్మంద్ నదిపై కజాకీ ఆనకట్టను అమెరికన్ ఇంజనీర్లు కట్టగా, హిందూకుష్‌ను దొలిచి రెండున్నర కిలోమీటర్లకు మించిన సలాంగ్ సొరంగమును 1964 నాటికి సోవియట్లు ముగించిరి. ఆ సొరంగమువలన కాబూలునకు ఉత్తరదేశముతో ఏడాది పొడవున రాకపోకలు సాధ్యమైనవి. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు దిగివచ్చినదియు ఆ బాటనే. దాత తన రాకకు వలసిన దారినే దానము చేయునని నాకు తోచును. దానిని తిరస్కరింపగల బీదదేశమేది?

వాఖాన్ వాసులకు ఆ లాభమైనను దక్కలేదు. రష్యాలో 1917 విప్లవము, చైనాలో 1949 విప్లవము వచ్చిన పిదప ఇరువైపుల కనుమలును మూతపడగా, పూర్వము వర్తకులు నడచిన త్రోవ ఆవలి దారిలేని సందుగొందియైనది. ఋతువును బట్టి కొండల కటునిటు మందలను తోలుకొనిపోవు కిర్గిజులు ఒక్కప్రక్కనే చిక్కుకొనిరి. 1978లో కాబూలున ప్రభుత్వము తలక్రిందులు కాగా, తమ నాయకుడైన రహ్మాన్ కుల్ ఖాను వెంట సుమారు 1,300 మంది కిర్గిజులు పాకిస్తాన్‌కు తరలిపోయిరి. 1982లో టర్కీ వారిని పిలిచి వాన్ ప్రాంతమున ఊరొకటి యేర్పరచి యిచ్చినది. పాకిస్తాన్ యెండలకు తాళలేక అచ్చటినుండియే వెనుకకు మరలినవారి సంతతి నేటికిని పామీరులలో జడలబర్రెలను మేపుకొనుచున్నది.