డయాలసిస్ నీరసమేనా.. థైరాయిడ్ చూపించారా?

కాకినాడలో ఉండే మా నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒక్కోసారి నాలుగు గంటలు. నేనుండేది డాలస్‌లో. కిందటి ఏప్రిల్‌లో, అక్కడ ఎండలు మండుతుంటే, ఆయన వీడియో కాల్‌లో శాలువా కప్పుకొని కనిపించారు. అడిగితే ‘‘డయాలసిస్ కదరా, ఇలాగే ఉంటుంది’’ అన్నారు.

చలి, మలబద్ధకం, పొడి చర్మం, ముఖం ఉబ్బరం.. ఇవన్నీ కిడ్నీ జబ్బులోనూ ఉంటాయి, థైరాయిడ్ తగ్గినా ఉంటాయి. చిక్కంతా అక్కడే. పైగా కిడ్నీలు పనిచేయని వారిలో థైరాయిడ్ లోపం మామూలు వారికంటే ఎక్కువ. ఎన్ని ఇంజెక్షన్లు ఇచ్చినా నాన్నగారికి హిమోగ్లోబిన్ పెరగకపోవడంతో డాక్టర్‌గారికి అనుమానం వచ్చి టీఎస్‌హెచ్ రాశారు. చాలా ఎక్కువగా ఉంది, టీ4 తక్కువగా ఉంది.

రిపోర్టులో టీ3 ఒక్కటే తగ్గిందని కంగారు పడక్కర్లేదు. డయాలసిస్ వారిలో థైరాయిడ్ గ్రంథి బాగున్నా అది తగ్గుతుంటుంది. దానికోసం సొంతంగా మాత్రలు మొదలుపెడితే గుండెకు ముప్పు.

మందు మొదలుపెట్టాక రెండు నెలలైనా టీఎస్‌హెచ్ దిగలేదు. మాత్రల డబ్బా చూసే మా వదినే కారణం పట్టుకుంది. ఫాస్ఫరస్ తగ్గడానికి టిఫిన్‌తో వేసుకునే కాల్షియం మాత్ర, థైరాయిడ్ మాత్ర ఒకే గడిలో ఉన్నాయి! కాల్షియం, సెవెలమర్, ఐరన్ లాంటివి థైరాయిడ్ మందును ఒంటికి పట్టనివ్వవు. నాలుగు గంటల ఎడం ఉండాలి. ఇప్పుడు తెల్లవారుజామున 5 గంటలకు పరగడుపున, గుక్కెడు నీళ్లతో థైరాయిడ్ మాత్ర. కాఫీ 6 గంటలకు. టిఫిన్, కాల్షియం 9 తర్వాతే. కాఫీ కోసం ఆ గంట ఆగడమే ఆయనకు అన్నిటికంటే కష్టంగా ఉంది.

రక్తం డయాలసిస్‌కు ముందే తీయించాలి. అందులో వాడే హెపారిన్ వల్ల ఫ్రీ టీ4 ఎక్కువగా కనిపించవచ్చు.

ఇక మన సూట్‌కేసుల సంగతి. జుట్టు కోసమని ఇక్కడి నుంచి తీసుకెళ్లే బయోటిన్ మాత్రలు రక్తపరీక్షల అంకెలను తారుమారు చేస్తాయని అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా చూపించి, అసలు లోపాన్నే దాచేయవచ్చు. కిడ్నీలు పనిచేయని వారిలో బయోటిన్ త్వరగా బయటకు పోదు కూడా. అమ్మానాన్నలు వాడుతుంటే, పరీక్షకు ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టర్‌ని అడగండి.

వేళలు మార్చిన ఆరు వారాలకు నాన్నగారి టీఎస్‌హెచ్ సగానికి దిగింది. ఇంకా మామూలుకు రాలేదు. మళ్లీ పరీక్ష వచ్చే నెలలో, సోమవారం డయాలసిస్ ఎక్కించే ముందు.