జూంబినీస్ మళ్లీ ఆడాను: అప్పట్లో మౌస్ నాది, బుర్ర అక్కది

మా ఇంటికి కంప్యూటర్ వచ్చింది 2005లో. విండోస్ ఎక్స్‌పీ, డబ్బా లాంటి సీఆర్‌టీ మానిటర్, కరెంటు పోతే కుయ్ కుయ్ మని అరిచే యూపీఎస్. ఆ మరుసటి ఏడు ఎండాకాలంలో న్యూజెర్సీ నుంచి వచ్చిన బాబాయ్ చాక్లెట్ల మధ్యలోంచి ఒక సీడీ తీసి ఇచ్చాడు. అక్కడ ఎవరో ఇంటి ముందు పాత సామాన్లు అమ్ముతుంటే కొన్నాడట. కవర్ మీద నీలం రంగు గుండ్రటి బుడ్డోళ్లు. పేరు: లాజికల్ జర్నీ ఆఫ్ ది జూంబినీస్.

మీలో చాలామంది చిన్నప్పుడు రోడ్ ర్యాష్, డేవ్, వైస్ సిటీ ఆడి ఉంటారు. జూంబినీస్ పేరు విని ఉండకపోవచ్చు. అమెరికాలో మాత్రం తొంభైల చివర్లో స్కూల్ కంప్యూటర్ ల్యాబుల్లో పెరిగిన వాళ్లకు ఇది బాగా తెలిసిన గేమ్. 1996లో బ్రోడర్‌బండ్ విడుదల చేసింది. తయారు చేసింది మాత్రం గేమ్ స్టూడియో వాళ్లు కాదు. మసాచుసెట్స్‌లోని టెర్క్ అనే సంస్థ, పిల్లలకు లెక్కలు, సైన్సు ఎలా నేర్పాలా అని పరిశోధన చేసే లాభాపేక్ష లేని సంస్థ. అందులో పనిచేసే క్రిస్ హాంకాక్, స్కాట్ ఆస్టర్‌వైల్ దీన్ని డిజైన్ చేశారు. తర్వాత 2015లో అదే టెర్క్, ఫేబుల్‌విజన్ అనే స్టూడియోతో కలిసి కిక్‌స్టార్టర్‌లో జనం దగ్గర డబ్బు పోగు చేసి, పాత గేమ్‌ను కొత్త ఫోన్లకు, కంప్యూటర్లకు పనికొచ్చేలా మళ్లీ తయారు చేసింది. ఈ సంక్రాంతి సెలవుల్లో నేను ఆడింది ఆ రీమేకే, ల్యాప్‌టాప్‌లో స్టీమ్ వెర్షన్. పాత సీడీ ఇంకా తెనాలిలో అమ్మ బీరువాలో ఉంది. దాన్ని పెట్టడానికి డ్రైవ్ ఉన్న మెషీన్ మాత్రం ఇంట్లో ఒక్కటీ లేదు!

కథ సింపుల్. జూంబినీల ద్వీపాన్ని బ్లోట్స్ అనే దుర్మార్గులు ఆక్రమిస్తారు. జూంబినీలు పడవెక్కి పారిపోతారు. ఒక ట్రిప్పులో 16 మంది. దారిలో వాగులు, గుహలు, అడవి, కొండలు. మొత్తం 12 పజిల్స్. దాటిన వాళ్లు కొత్త ఊరు చేరతారు, దాటలేని వాళ్లు వెనక్కి పోయి మళ్లీ ఎదురుచూస్తారు. ఎవరూ చావరు. కానీ వెనకబడి మిగిలిపోయిన వాళ్ల ముఖాలు చూస్తే పాపం అనిపిస్తుంది. చిన్నప్పుడు నేను ఒకసారి ఏడ్చాను కూడా.

ప్రతి జూంబినీకి నాలుగు లక్షణాలు: జుట్టు, కళ్లు, ముక్కు రంగు, పాదాలు. ఒక్కోదానికీ అయిదు రకాలు. పోనీటైల్, టోపీ, ఒంటి కన్ను, నిద్రకళ్లు, నల్ల కళ్లద్దాలు, నీలం ముక్కు, ఆకుపచ్చ ముక్కు, బూట్లు, స్ప్రింగు, చక్రాలు, ఫ్యాను. అంటే 5×5×5×5, మొత్తం 625 రకాల జూంబినీలు. కొత్త ఊరికి చేర్చాల్సింది కూడా 625 మందినే. దారిలో ఒక్కర్నీ వదలకపోయినా 40 ట్రిప్పులు పడుతుంది. ఇప్పుడు చూస్తే ఇదొక డేటాబేస్ టేబుల్: నాలుగు కాలమ్స్, ఒక్కో కాలమ్‌లో అయిదు విలువలు. గేమ్ మొత్తం ఆ టేబుల్ మీద వేసే క్వెరీలే. ఎనిమిదేళ్లప్పుడు నాకు బుడ్డోళ్లు కనిపించారు, అంతే.

మొదటి పజిల్ అలర్జిక్ క్లిఫ్స్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. రెండు వంతెనలు. వాటి కింద రెండు కొండ ముఖాలు. ఒక్కో ముఖానికి కొన్ని లక్షణాలు పడవు. పడని జూంబినీ వంతెన ఎక్కితే కొండ తుమ్ముతుంది, జూంబినీ ఎగిరి వెనక్కి పడుతుంది, వంతెనను పట్టుకున్న ఆరు మేకుల్లో ఒకటి ఊడుతుంది. ఆరూ ఊడితే వంతెనలు కూలిపోతాయి. రూల్ ఏంటో ఎవరూ చెప్పరు. ఈ గేమ్‌లో ఎక్కడా చెప్పరు.

మొదటి లెవెల్లో ఒక వంతెన ఒకే ఒక్క లక్షణం ఉన్నవాళ్లను రానిస్తుంది (ఉదాహరణకు ఆకుపచ్చ ముక్కు), రెండోది ఆ లక్షణం లేని అందర్నీ రానిస్తుంది. ఎన్ని రూల్స్ సాధ్యం? 20 లక్షణాలు, ఏ వంతెనకు ఏది అన్నదానికి 2 అవకాశాలు. అంటే 40. ఇప్పుడు ఒక జూంబినీని పై వంతెన మీదకు పంపారు, దాటేసింది అనుకోండి. రెండు కారణాలు ఉండొచ్చు. పై వంతెనకు కావాల్సిన ఒక్క లక్షణం దీనికున్న నాలుగింటిలో ఒకటి అయ్యుండాలి. లేదా పై వంతెనకు పడని లక్షణం దీనికి లేని మిగతా 16లో ఒకటి అయ్యుండాలి. 4+16, అంటే 20. కొండ తుమ్మినా లెక్క 20కే వస్తుంది. ఏం జరిగినా 40 అనుమానాలు సరిగ్గా సగమయ్యాయి! రెండో జూంబినీని కూడా తెలివిగా ఎంచుకుంటే 20 కాస్తా 10కి దగ్గరవుతుంది. అలా సగం, సగం చేసుకుంటూ పోతే ఆరు ప్రశ్నల్లో రూల్ దొరకాలి. మేకులు కూడా ఆరే. పైగా మేకు ఊడేది తప్పు జరిగినప్పుడు మాత్రమే, సమాచారం దొరికేది మాత్రం ఒప్పు జరిగినా దొరుకుతుంది. కావాల్సిన రకం జూంబినీ మీ 16 మందిలో ఉండటమే ఇబ్బంది. అందుకే ఈ గేమ్‌లో టీమ్‌ను ఎంచుకోవడం కూడా ఒక పజిలే.

నేనేం చేసేవాణ్నో తెలుసా? ఒకడు వెనక్కి పడితే, వాడికి పూర్తిగా వేరేగా ఉన్న ఇంకొకణ్ని పంపేవాణ్ని. జుట్టు వేరు, కళ్లు వేరు, ముక్కు వేరు, పాదాలు వేరు. వాడు దాటేస్తే సంబరం. ఎందుకు దాటాడో తెలీదు. నాలుగూ ఒకేసారి మార్చేస్తే దేనివల్ల దాటాడో ఎలా తెలుస్తుంది? అక్క పక్కన స్టూల్ మీద కూర్చుని, "ఒరేయ్, అచ్చం వాడి లాంటోణ్నే పంపు, ముక్కు ఒక్కటి మార్చు" అనేది. అక్కకి పదకొండేళ్లు. నేను విసుక్కుంటూనే పంపేవాణ్ని, ఎందుకంటే తను చెబితే దాటేవాళ్లు.

పదిహేనేళ్ల తర్వాత, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, రాత్రి రెండింటికి ప్రొడక్షన్‌లో ఒక సర్వీస్ పడిపోయింది. నేను చేసిన పని: ఒక కాన్ఫిగ్ మార్చాను, ఒక లైబ్రరీ వెర్షన్ వెనక్కి తీసుకెళ్లాను, సర్వర్ రీస్టార్ట్ చేశాను. మూడూ ఒకేసారి. సర్వీస్ లేచింది. పొద్దున సీనియర్ అడిగారు, "దేనివల్ల బాగైంది?" నా దగ్గర జవాబు లేదు. రెండు రోజులకు మళ్లీ పడిపోయింది. అప్పుడు ఆయన గిట్ బైసెక్ట్ నేర్పించారు. వెయ్యి కమిట్స్‌లో ఏది చెడగొట్టిందో తెలియకపోతే మధ్యలో ఒకటి పరీక్షించు, బాగుంటే తప్పు తర్వాతి సగంలో ఉంది, బాగోలేకపోతే ముందు సగంలో ఉంది. పది పరీక్షల్లో దొరికిపోతుంది. నేర్చుకుంటున్నంతసేపూ ఇది ఎక్కడో చూశానే అనిపించింది. ఎక్కడో మాత్రం ఈ సంక్రాంతికి గానీ గుర్తు రాలేదు.

పిజ్జా పాస్ ఇంకో రకం. ఆర్నో అనే రాకాసి దారికి అడ్డంగా ఉంటాడు, పిజ్జా పెడితేగానీ వదలడు. ఏ టాపింగ్స్ కావాలో చెప్పడు. పెట్టినవన్నీ నచ్చి, ఇంకా కొన్ని తక్కువైతే ఇంకా వేయమంటాడు. ఒక్కటి నచ్చకపోయినా మొత్తం పిజ్జా విసిరేస్తాడు, నచ్చనిదేదో చెప్పకుండా. ఒక్కో టాపింగ్ విడిగా పెట్టి చూడటం సేఫ్. కానీ ఆర్నో ఓపిక అనంతం కాదు, అందుకే రెండు మూడు కలిపి పెట్టాలనిపిస్తుంది. నచ్చితే ఒక్క దెబ్బకు రెండు తేలిపోతాయి. విసిరేస్తే మళ్లీ విడివిడిగా చూసుకోవాలి. 2020లో కోవిడ్ టెస్టు కిట్లు తక్కువగా ఉన్నప్పుడు అయిదు శాంపిల్స్ వరకు కలిపి ఒకే టెస్టు చేయొచ్చని ఐసీఎంఆర్ చెప్పింది, గుర్తుందా? నెగటివ్ వస్తే అయిదుగురూ క్లియర్, పాజిటివ్ వస్తే ఒక్కొక్కరికీ మళ్లీ టెస్టు. అచ్చం ఆర్నో పిజ్జా. వైరస్ తక్కువగా ఉన్నచోటే ఈ ట్రిక్ లాభం. ఆర్నోకి నచ్చనివి ఎక్కువైతే కలిపి పెట్టడం దండగ. పై లెవెల్స్‌లో ఇంకో ఇద్దరు రాకాసులు వస్తారు, అప్పుడు పేపర్ లేకుండా కుదరదు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. స్టోన్ కోల్డ్ కేవ్స్‌లో నాలుగు దారులు, ఒక్కో దారికి రెండేసి షరతులు. అది ఆండ్ కండిషన్. కెప్టెన్ కేజున్ పడవలో పక్కపక్క సీట్లలో ఉన్నవాళ్లకు ఏదో ఒక పోలిక ఉండాలి, గ్రాఫ్ ప్రాబ్లమ్. ఫ్లీన్స్ దగ్గర ప్రతి జూంబినీకి ఒక ఫ్లీన్ జోడీ ఉంటుంది, కానీ జూంబినీ ముక్కు రంగు ఫ్లీన్‌కి జుట్టుగా మారిపోవచ్చు. ఆ కోడ్ విప్పాలి. బబుల్‌వండర్ అబిస్‌లో జూంబినీలు బుడగల్లో తేలుతూ స్విచ్‌లు మార్చుకుంటూ పోతారు, ఎవర్ని ముందు పంపాలన్నదే ప్రోగ్రామ్. నాకు నచ్చంది ఒక్క టైటానిక్ టాటూడ్ టోడ్స్. కప్పల్ని చూస్తూ కూర్చోవాలి, బోర్.

రీమేక్ ఎలా ఉందంటే, పజిల్స్‌ను ముట్టుకోలేదు, అదే మంచి పని. 640×480 కాలపు బొమ్మల్ని మళ్లీ శుభ్రంగా గీశారు. కొందరు పాత అభిమానులకు ఈ నునుపు నచ్చదు. నాకూ పాత గరుకు బొమ్మలే ఇష్టం, కానీ అది వయసు మహిమ. ఒకసారి కొంటే అంతే, మధ్యలో ప్రకటనలు, జెమ్స్, లూట్ బాక్సులు లేవు. ప్రాక్టీస్ మోడ్‌లో మీకు కావాల్సిన పజిల్ కావాల్సిన లెవెల్లో ఆడుకోవచ్చు. మైనస్‌లు: యానిమేషన్లు నిదానం, పదోసారి చూసేటప్పుడు చిరాకు పుడుతుంది. కథ చెప్పే గొంతు ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. మా మేనకోడలికి ఆరేళ్లు, నేను పక్కన కూర్చుని తెలుగులో చెప్పాల్సి వచ్చింది. అయితే మొదటి పది నిమిషాలే. తర్వాత భాష అవసరం లేదు, కొండ తుమ్మితే ఏ భాషలో అయినా తుమ్మే.

టెర్క్ వాళ్లు ఈ రీమేక్‌ను పరిశోధనకు కూడా వాడుకున్నారు. పిల్లలు ఏ జూంబినీని ఎప్పుడు ఎటు పంపారన్న లాగ్స్ చూసి, గుడ్డిగా ప్రయత్నిస్తున్నారా, పద్ధతిగా పరీక్షిస్తున్నారా అన్నది పట్టుకోవడం. నడక చూశారు. అది చదివాక మా ఇంటి సంగతి గుర్తొచ్చింది. మా ఇంట్లో లాగ్స్ ఎవరూ చూడలేదు. మౌస్ ఎవరి చేతిలో ఉందో చూశారు. నాన్న స్నేహితులు వస్తే "మావాడికి కంప్యూటర్ బుర్ర" అనేవారు. అక్క రఫ్ బుక్ వెనక పేజీల్లో మడ్‌బాల్ వాల్‌కి అయిదు అడ్డం, అయిదు నిలువు గళ్లు గీసి, ఏ రంగు ఏ వరసో, ఏ ఆకారం ఏ నిలువో రాసుకునేది. అది ఆటలో భాగమని ఎవరికీ అనిపించలేదు. టెన్త్ అయ్యాక అక్క ఎంపీసీ అంది. దూరం కాలేజీ వద్దన్నారు, ఊళ్లో ఉన్నదాంట్లో సీఈసీలో చేర్చారు. మూడేళ్ల తర్వాత నన్ను హాస్టల్లో పెట్టి మరీ ఎంపీసీ చదివించారు, తర్వాత బీటెక్. అప్పట్లో నాకు అందులో వింతేం కనిపించలేదు.

ఇప్పుడు అక్క తెనాలిలో మూడు షాపులకు ట్యాలీలో లెక్కలు చూస్తుంది. పండగకి వెళ్లినప్పుడు అడిగాను, ఏడాది లెక్క కుదరకపోతే తప్పు ఎలా పట్టుకుంటావని.

"సెప్టెంబర్ చివరికి కుదిరిందో లేదో చూస్తా. కుదిరితే తప్పు అటువైపు, లేకపోతే ఇటువైపు. అలా నెలకి, తర్వాత వారానికి వస్తా. అన్నీ చూస్తూ కూర్చుంటే తెల్లారుద్ది."

"అది నీకెవరు నేర్పారు?"

"ఎవరు నేర్పడమేంటి? అలా కాకపోతే ఇంకెలా చూస్తార్రా?"

ల్యాప్‌టాప్ తెచ్చి జూంబినీస్ పెట్టాను. మేనకోడలు ఒళ్లో కూర్చుంది, మౌస్ నా చేతిలో ఉంది. ఇద్దరు దాటాక మూడోవాణ్ని ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తున్నాను.

"ఒరేయ్ చిన్నా, అటు జరుగు," అంది అక్క, మౌస్ లాక్కుంటూ. పాప "మావయ్యా, అమ్మకి ఈ ఆట వచ్చా?" అని అడిగింది.

ఆ రోజు 16 మందినీ అలర్జిక్ క్లిఫ్స్ దాటించింది, ఒక్క మేకే ఊడింది. మడ్‌బాల్ వాల్ దగ్గర ముగ్గురు మిగిలిపోయారు. నా ల్యాప్‌టాప్ హైదరాబాద్ తెచ్చేశాను కాబట్టి, వాళ్ల ఇంటి కంప్యూటర్లో స్టీమ్ అకౌంట్ తెరిచి గేమ్ కొనిపెట్టాను. నిన్న ఫోన్ చేస్తే, రెండో లెవెల్లో రూల్ మారిందని, పాప రఫ్ బుక్‌లో పేజీలు అయిపోయాయని చెప్పింది.