కొత్త రుచి అంటే భయమెందుకు?

"పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అంటారు మన పెద్దలు. నిజమే. కాని ఒకరు లొట్టలు వేసుకుంటూ తినే పదార్థాన్ని చూసి మరొకరు ముక్కు మూసుకుంటారెందుకు? జవాబు కోసం ఒక హోటలుకు వెళదాం, రండి. అది మన ఊళ్లో లేదు. చాలా దూరం వెళ్లాలి.

1974లో ఇథియోపియాలో విప్లవం వచ్చింది. ఆ తరువాతి సంవత్సరాలలో ఎంతోమంది ఆ దేశం విడిచి అమెరికా చేరారు. వారిలో చాలామంది వాషింగ్టన్ నగరంలోనూ, దాని చుట్టుపక్కల ఊళ్లలోనూ స్థిరపడ్డారు. కొందరు తమ దేశపు వంటలతో హోటళ్లు పెట్టారు. ఆ ప్రాంతంలో తెలుగువారూ ఎక్కువగానే ఉన్నారు. అలాంటి హోటలుకు ఒక తెలుగు కుటుంబం వెళ్లిందనుకోండి.

బల్ల మీదికి ఒకే ఒక పెద్ద పళ్లెం వస్తుంది. అందులో పళ్లెమంత వెడల్పున మెత్తటి అట్టు. రంగు కాస్త బూడిదగా ఉంటుంది. దాని మీద అక్కడక్కడ పప్పులు, కూరలు. విడివిడిగా కంచాలుండవు, చెంచాలుండవు. అందరూ ఆ పళ్లెంలోంచే అట్టు తుంచుకుని, దానితో కూర పట్టుకుని, కుడిచేత్తో తింటారు.

"ఛీ! పుల్లటి వాసన! నాకొద్దమ్మా" అని ముఖం తిప్పుకుంటాడు ఐదేళ్ల తమ్ముడు. వాణ్ణి కోప్పడకండి. వాడి భయానికి కారణముంది.

భయమూ రక్షణే

ఆవు గడ్డి తింటుంది. పులి మాంసం తింటుంది. మనిషి మాత్రం ఆకులు, కాయలు, గింజలు, మాంసం అన్నీ తినగలడు. ఇందులో లాభముంది, ప్రమాదమూ ఉంది. అడవిలో కనబడిన ప్రతి కాయా తినదగినది కాదు కదా! కొన్నింటిలో విషముంటుంది. అందుచేత తెలియని పదార్థం ఎదురైతే వెనుకంజ వేసే స్వభావం మనలో ఏర్పడిందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. నడక వచ్చి, చేతికందినదల్లా నోట పెట్టుకోగల వయసు నుంచి, అంటే సుమారు రెండేళ్ల నుంచి ఆరేళ్ల వరకు, ఈ భయం ఎక్కువగా కనిపిస్తుంది. తరువాత క్రమంగా తగ్గుతుంది.

ఆ అట్టు మనకు చుట్టమే

ఇంతకీ ఆ అట్టు ఏమిటి? దాని పేరు ఇంజెరా. టెఫ్ అనే ధాన్యంతో చేస్తారు. టెఫ్ గింజ గసగసాల గింజంత ఉంటుంది. పిండిని నీళ్లలో కలిపి రెండు మూడు రోజులు పులియబెడతారు. ఈస్టులు, లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బాక్టీరియాలు అందులో పెరుగుతాయి. ఆమ్లం వల్ల పులుపు వస్తుంది. బొగ్గుపులుసు వాయువు బుడగలుగా పైకి వస్తుంది. పిండిని వేడి పెనం మీద పోసి, మూతపెట్టి, ఒకవైపే కాలుస్తారు. బుడగలు పగిలిన చోట చిల్లులు పడతాయి.

ఇది ఎక్కడో విన్నట్టు లేదూ? మన ఇంట్లో ఇడ్లీ పిండి రాత్రికి రాత్రి పొంగడానికి కారణం కూడా ఇలాంటి బాక్టీరియాలే. దోసెకు చిల్లులు పడేదీ ఈ వాయువు వల్లనే. పళ్లెంలోని "మిసిర్ వత్" మైసూరు పప్పుతో చేసిన కూర. దాని మసాలాలో మిరపకాయ, అల్లం, మెంతులు ఉంటాయి. తమ్ముడికి కొత్తగా కనిపించిన పళ్లెంలో సగానికి సగం మన వంటింటి సరుకే!

ఆ మాటకొస్తే మిరపకాయ కూడా మనకు ఒకనాడు కొత్తదే. అది అమెరికా ఖండంలో పుట్టిన పంట. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా భారతదేశానికి వచ్చింది. నేడు మిరపకాయ లేని ఆవకాయను ఊహించగలమా?

అలవాటు ఎలా అవుతుంది?

1982లో అమెరికాలో లియాన్ బర్చ్, డయాన్ మార్లిన్ అనే శాస్త్రజ్ఞులు రెండేళ్ల పిల్లలకు కొత్త పదార్థాలను పదే పదే రుచి చూపించారు. కొన్నింటిని రెండుసార్లు, కొన్నింటిని పది, ఇరవైసార్లు. ఎక్కువసార్లు రుచి చూసినదాన్నే పిల్లలు ఎక్కువగా ఇష్టపడ్డారు. అంటే మొదటి ముద్ద నచ్చకపోవడం ఆఖరి తీర్పు కాదన్నమాట.

2001లో ప్రచురితమైన మరొక పరిశోధన ఇంకా చిత్రమైనది. కొందరు తల్లులు గర్భవతులుగా ఉన్నప్పుడు క్యారెట్ రసం తాగారు. వారి పిల్లలు క్యారెట్ రుచి గల ఆహారాన్ని మొదటిసారి పెట్టినప్పుడు తక్కువగా ముఖం చిట్లించారు. రుచుల పాఠం పుట్టకముందే మొదలవుతుంది!

కాబట్టి తమ్ముణ్ణి బలవంతం చేయవద్దు. బలవంతంగా తినిపిస్తే అయిష్టం పెరగవచ్చు. తెలిసిన పప్పుతో మొదలుపెట్టి, చిన్న ముక్క చాలనండి. ముందు మీరు తిని చూపించండి. ఒంటికి సరిపడని పదార్థాలేమైనా ఉంటే వడ్డించేవారికి ముందే చెప్పండి.

మీరే చేసి చూడండి

రుచి అంతా నాలుకదే అనుకుంటున్నారా? కొంచెం యాలకుల పొడి పంచదారలో కలపండి. ముక్కు గట్టిగా మూసుకుని చిటికెడు నోట్లో వేసుకోండి. తీపి మాత్రమే తెలుస్తుంది. ఇప్పుడు ముక్కు వదలండి. యాలకులు గుప్పుమంటాయి! నోటి వెనుక నుంచి వాసన ముక్కుకు చేరినప్పుడే రుచి పూర్తి అవుతుంది. తమ్ముణ్ణి భయపెట్టినదీ ఆ వాసనే.

ఇథియోపియావారికి ఒక ఆచారముంది. ఇంజెరాలో కూర చుట్టి, ఎదుటివారి నోటికి స్వయంగా అందిస్తారు. దాన్ని గుర్షా అంటారు. మన అమ్మమ్మలు గోరుముద్దలు పెట్టినట్టే. అలా ప్రేమతో అందించిన ముద్దను చూసి "ఛీ" అంటే వారి మనసెలా ఉంటుంది?

రేపు ఆ తమ్ముడే తన అమెరికా బడిలో మధ్యాహ్నం గోంగూర డబ్బా తెరుస్తాడు. పక్క పిల్లవాడు ముక్కు మూసుకుంటే వాడికి ఎలా ఉంటుందో, అలాగే. "ఇది నాకు అలవాటు లేదు" అనడంలో తప్పులేదు. "ఇది చెడ్డది" అనడానికి మాత్రం ఒక్క ముద్ద చాలదు.