ఫోను వాళ్ళ చేతికే ఇద్దాం



మన మందిరానికి వచ్చే పెద్దవాళ్ళ నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ఈ వయసులో నాకెందుకమ్మా ఇవన్నీ?" మా అమ్మ కూడా అలాగే అనేది. నాన్న పోయాక 2018లో తెనాలి నుంచి ఇక్కడికి, మా దగ్గరకు వచ్చేసింది. ఆ ఏడాది పుట్టినరోజుకి ఆవిడకో ట్యాబ్లెట్ కొన్నాను. ఒక్క పూటలోనే వాట్సాప్, యూట్యూబ్, ఫోటోలు, పంచాంగం అన్నీ గబగబా చూపించేశాను. మర్నాటికి అది బీరువాలో చీరల మధ్యకు చేరింది. "అమ్మకి ఇవి ఒంటబట్టవు" అని నేను తీర్మానించేసుకున్నాను.

ఆ తీర్మానం తప్పని ఆలస్యంగా తెలిసింది.

2020 ఏప్రిల్‌లో విమానాలు ఆగిపోయిన రోజుల్లో విజయవాడలో మా చిన్న మావయ్య పోయాడు. అమ్మకి స్వయానా తమ్ముడు. అక్కడి పిల్లలు వీడియో కాల్ చేసి చివరిచూపు చూపించారు. ఫోను నేను పట్టుకున్నాను. అమ్మ ఏడుస్తుంటే తట్టుకోలేదేమోనని నేనే కాల్ కట్ చేశాను. అప్పుడు ఆవిడ ఏమీ అనలేదు. ఏడాది తర్వాత, ఏదో మాటల్లో, "ఆ రోజు వాణ్ణి ఇంకాస్త సేపు చూడనివ్వాల్సింది" అంది. ఫోను నా చేతిలో ఉంది కాబట్టి తమ్ముణ్ణి ఎంతసేపు చూసుకోవాలన్నది కూడా నేనే తేల్చేశాను.

పెద్దవాళ్ళకి ఈ సాధనాల విలువ చెప్పడమంటే వాటి గొప్పలు ఏకరువు పెట్టడం కాదు. ప్రతిదానికీ పిల్లల్ని అడగాల్సిన అవసరం లేకుండా, ఎప్పుడు కావాలంటే అప్పుడు తమవాళ్ళతో మాట్లాడుకోగలగడం. ఆ రుచి ఒక్కసారి తెలిస్తే ఇక మనం బతిమాలక్కర్లేదు.

ఏం కావాలో ముందు అడుగుదాం

అమ్మకి నేర్పింది నేను కాదు, మా అమ్మాయి. అది "ఇదెలా పనిచేస్తుందో చూడు" అనలేదు. "అమ్మమ్మా, ఇప్పుడు నీకు ఎవర్ని చూడాలనుంది?" అని అడిగింది. తెనాలిలో ఉన్న మా పిన్నిని చూడాలంది. అంతే, వారం రోజులు అదొక్కటే నేర్పింది: పచ్చ బొమ్మ, చెల్లెలి ఫోటో, కెమెరా బొమ్మ. ఆ మూడు మెట్లూ అమ్మే తన చేత్తో పుస్తకంలో రాసుకుంది. ఇప్పుడు ఇక్కడ ఉదయం పదింటికి, అక్కడ మధ్యాహ్నం కాఫీ వేళకు, ఇద్దరూ ఫోన్లు ఎదురుగా నిలబెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూర్చుంటారు. చాలాసేపు మాటలే ఉండవు.

ఒకరికి చెల్లెలు కావాలి, ఇంకొకరికి బ్రహ్మోత్సవాల్లో వాహనసేవలు ఎస్వీబీసీ ప్రత్యక్ష ప్రసారంలో చూసుకోవాలి, మరొకరికి ఊరి పేపరు చదువుకోవాలి. ఎవరి కోరిక దగ్గర వాళ్ళకి మొదలుపెట్టాలి. రెండోది మొదటిది పూర్తిగా చేతికి వచ్చాకే.

మన ఓపికే అసలు పాఠం

నేర్పేటప్పుడు మనం చేసే పెద్ద పొరపాటు, "ఇలా ఇవ్వండి" అని ఫోను లాక్కుని మనమే చేసేయడం. ఎంత ఆలస్యమైనా వేలు వాళ్ళదే ఉండాలి. మరికొన్ని చిన్న విషయాలు:

- పెద్ద వయసులో వేళ్ళు పొడిబారితే తెర ఒక్కోసారి తాకిడిని గుర్తించదు. అప్పుడు వాళ్ళు గట్టిగా అదిమి పట్టుకుంటారు. అలా పట్టుకుంటే ఫోను ఇంకో పని అనుకుంటుంది. "నొక్కడం కాదు, కుంకుమ అద్దినట్టు తాకి తీసేయండి" అంటే సులువుగా అర్థమవుతుంది.
- సెట్టింగ్స్‌లో అక్షరాలు పెద్దవి చేయండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో భాషను తెలుగులోకి మార్చుకోవచ్చు.
- టైపు చేయడం కష్టమైతే కీబోర్డు మీద మైకు బొమ్మ నొక్కి తెలుగులో మాట్లాడితే అదే రాసుకుంటుంది. వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి కూడా పంపవచ్చు.
- ఇండియా టైము చూపే గడియారం ఒకటి గోడకు పెట్టండి. చలికాలంలో ఐదున్నర గంటలు, వేసవిలో నాలుగున్నర గంటల తేడా లెక్క పెద్దవాళ్ళనే కాదు, మనల్నీ తికమక పెడుతుంది.

ల్యాండ్‌లైన్ ఉన్నవాళ్ళు తప్పక చదవాలి

"నాకు ఇంటి ఫోను చాలు" అనేవాళ్ళకి ఒక ముఖ్య విషయం. బ్రిటన్‌లో రాగితీగల మీద నడిచే పాత ల్యాండ్‌లైన్ వ్యవస్థను 2027 జనవరి చివరికల్లా ఆపేయాలని నిర్ణయించారు. ఆ తర్వాత ఇంటి ఫోను బ్రాడ్‌బ్యాండ్ మీదే నడుస్తుంది. సాధారణంగా పాత నంబరే ఉంచుకోవచ్చు. తేడా ఎక్కడంటే, పాత ఫోనుకి కరెంటు టెలిఫోన్ తీగలోంచే వచ్చేది కాబట్టి ఇంట్లో కరెంటు పోయినా పలికేది. కొత్తది, బ్యాటరీ ఏర్పాటు లేకపోతే, కరెంటుతో పాటే ఆగిపోతుంది. 999కి కూడా కాల్ వెళ్ళదు.

అందుకే ల్యాండ్‌లైన్ మీదే ఆధారపడ్డ పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే ఫోను కంపెనీకి ఆ సంగతి ముందే చెప్పండి. కరెంటు పోయినా కనీసం గంటసేపు అత్యవసర కాల్స్ చేసుకునే ఏర్పాటు అలాంటివారికి వాళ్ళు ఇవ్వాలి. మెడలో వేసుకునే అలారం బటన్ ఉన్నవాళ్ళు లైను మార్చకముందే ఫోను కంపెనీకీ, అలారం సంస్థకీ, ఇద్దరికీ చెప్పడం మర్చిపోవద్దు. మొబైల్ ఫోను ఒకటి చేతికి అలవాటై ఉంటే ఎంత ధైర్యమో ఇక్కడ తెలుస్తుంది.

భయాన్ని కొట్టిపారేయొద్దు

"ఏదో నొక్కితే డబ్బులు పోతాయి" అనే భయం వట్టిది కాదు. మోసాలు నిజంగానే జరుగుతున్నాయి. పోలీసులమని వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్ట్" అంటూ బెదిరించేవాళ్ళున్నారు. భారతీయ చట్టంలో అలాంటి అరెస్టే లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు, డబ్బు మాట ఎత్తిన కాల్ వెంటనే కట్ చేయాలి, ఆ తర్వాత ఇంట్లోవాళ్ళకి చెప్పాలి. ఈ మూడూ ఫోను పక్కనే రాసిపెట్టండి. బ్యాంకు పేరుతో అనుమానం కాల్ వస్తే కట్ చేసి 159కి చేయండి. చాలా బ్యాంకులకు అక్కణ్ణుంచే కలుపుతారు. అనుమానం మెసేజీలను 7726కి పంపవచ్చు.

అంతకన్నా ముఖ్యం, పొరపాటు జరిగితే మనం కసరకూడదు. తిడతారని భయపడ్డవాళ్ళు మోసపోయినా దాచుకుంటారు.

ఇంత చెప్పినా "నాకొద్దు" అనేవాళ్ళుంటారు. వాళ్ళ మాటని మన్నిద్దాం. ఫోను ఉంది కదా అని మనం వెళ్ళి పలకరించడం మానేస్తే ఇదంతా నేర్పి ఏం లాభం?

ఒక చిన్న మనవి. ఆదివారం ప్రసాదం తీసుకున్నాక మన పిల్లలు ఒక్కొక్కరూ ఒక పెద్దాయన పక్కనో, పెద్దావిడ పక్కనో పావుగంట కూర్చోవాలి. పెద్దలు తమ ఫోను, ఒక నోటుపుస్తకం, కళ్ళజోడు తెచ్చుకుంటే చాలు. పిల్లలు ముందుగా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "మీకు ఎవర్ని చూడాలనుంది?"