దవడకు ఎముక అంటు

అరోరా అనగానే మనవాళ్లకు షికాగో దగ్గర బాలాజీ గుడి ఉన్న ఊరు గుర్తొస్తుంది. నేను చెప్పేది ఆ అరోరా కాదు, కొలరాడోది. 1955లో గుండెపోటు వచ్చిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ కోలుకున్న ఫిట్జ్‌సైమన్స్ సైనిక ఆసుపత్రి ఇక్కడిదే. ఆ స్థలంలో ఇప్పుడు ఆన్‌షుట్జ్ వైద్య ప్రాంగణం ఉంది, కొలరాడో విశ్వవిద్యాలయ దంత కళాశాల అందులోనే. అక్కడే కాదు, ఏ దంత కళాశాలకైనా ఇప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: దవడ ఎముక కోయడానికి గీత కంప్యూటరు గీయాలా, చెయ్యి గీయాలా?

పన్ను పీకిన చోట ఎముక తరిగిపోతుంది. ఏడాదిలో అక్కడి దవడ గట్టు వెడల్పు సుమారు సగం పోతుంది, అందులో ఎక్కువ భాగం మొదటి 3 నెలల్లోనే. ఇంప్లాంట్‌కు చోటు చాలకపోతే కింది దవడ వెనక నుంచో, గడ్డం నుంచో చిన్న ఎముక పలక కోసి అక్కడ స్క్రూలతో బిగిస్తారు. మామిడి అంటు లాంటిదే. కదిలిందా, అతకదు.

చిక్కంతా కోసే చోట. కింది పెదవికి స్పర్శనిచ్చే నరం ఆ ఎముక లోపలే పోతుంది. దానికి దెబ్బ తగిలితే పెదవి మొద్దుబారుతుంది. చేత్తో కోసే సర్జన్ స్కాన్ చూసి దూరాన్ని మనసులో పెట్టుకుంటారు. రెండో పద్ధతిలో కోన్ బీమ్ సీటీ బొమ్మ మీదే కోత చోటు, లోతు నిర్ణయించి, పళ్ల మీద కూర్చునే రెసిన్ అచ్చును త్రీడీ ప్రింటర్‌లో తీస్తారు. రంపం ఆ అచ్చు గాడి వెంటే నడుస్తుంది. పలక కూడా కావలసిన కొలతకే వస్తుంది, తర్వాత చెక్కే పని తగ్గుతుంది.

అయితే రంపాన్ని చల్లార్చే సెలైన్ నీళ్లు గాడిలోకి సరిగా చేరకపోతే ఎముక వేడెక్కుతుంది. 47 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్క నిమిషం చాలు, ఎముకకు దెబ్బే. నోరు బాగా తెరవలేని వాళ్లకు వెనక పళ్ల దగ్గర అచ్చు పట్టదు. స్కాన్ తీశాక ఒక పన్ను కదిలినా అచ్చు సరిగా కూర్చోదు. అలాంటి అచ్చు ఉండడం కంటే లేకపోవడమే నయం, తప్పు చోటునే ధీమాగా కోయిస్తుంది.

పీకిన పన్ను గుంటలో ఎముక పొడి నింపడానికి ఈ హంగామా దండగ. నరం పక్కన పలక కోయాలంటే మాత్రం నా ఓటు అచ్చుకే. కానీ పీజీ విద్యార్థికి ముందు చేత్తో కోయడమే నేర్పాలి. ఆపరేషన్ మధ్యలో అచ్చు ఊగితే, దాన్ని తీసి ట్రేలో పడేసి మిగతా కోత పూర్తి చేయాల్సింది తనే.